ఆనర్స్ కాలేజీ విద్యార్థి సంఘానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? సమోసాల నుంచి మాత్రం కాదు

ప్రశ్న క్లుప్తంగా ఇది: టెక్సస్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఆనర్స్ కాలేజీలో (బాగా చదివే విద్యార్థులకు యూనివర్సిటీలోనే విడిగా నడిపే కాలేజీ) రెండో ఏడాది విద్యార్థిని. కాలేజీలో సుమారు 300 మంది. విద్యార్థి సంఘానికి ఈ ఏడాది నిధుల బాధ్యత ఆమెకు అప్పజెప్పారు. పోయినేడు సమోసాలు, టీషర్టులు అమ్మి, రెస్టారెంట్ నైట్‌లు (ఆ రాత్రి అమ్మకంలో హోటల్ సంఘానికి వాటా ఇచ్చేవి) పెట్టి తంటాలు పడ్డా ఖర్చులకు చాలలేదు. కార్యక్రమాలకు వచ్చేవాళ్లూ పలచబడ్డారు. ఏం చెయ్యాలి, అమ్మానాన్నల స్నేహితుల్ని అడగొచ్చా అన్నది సందేహం.

సమోసాలు అమ్మడం తప్పేం కాదు. వాటితో ఏడాది గడుస్తుందని బడ్జెట్‌లో రాసుకోవడమే తప్పు. ఒకసారి లెక్క వేసి చూడండి. ఇండియన్ స్టోర్ నుంచో హోటల్ నుంచో 200 సమోసాలు, ఒక్కోటి 75 సెంట్ల చొప్పున 150 డాలర్లు. చట్నీ, ప్లేట్లు, నాప్కిన్లకు ఇంకో 30. రెండు డాలర్లకు ఒకటి అమ్మితే 30 మిగిలిపోయాయనుకోండి, 340 డాలర్లు వస్తాయి. చేతిలో మిగిలేది 160. ముగ్గురు చొప్పున రెండేసి గంటల షిఫ్టులు మూడు, తెచ్చిపెట్టడానికి రెండు గంటలు, మొత్తం 20 గంటల శ్రమ. గంటకు 8 డాలర్లు పడింది. టెక్సస్‌లో కనీస వేతనం గంటకు 7.25. అంటే ఆ 20 గంటలూ ఎక్కడైనా ఉద్యోగం చేసి జీతం సంఘానికి ఇచ్చినా ఇంచుమించు అంతే వచ్చేది.

అయినా సమోసాల టేబుల్ మానెయ్యమని చెప్పను. మొదటి ఏడాది పిల్లలు తమ కాలేజీ సీనియర్లను మొదటిసారి పలకరించేది అక్కడే. కాబట్టి దాన్ని ఆదాయం పద్దులోంచి తీసి కలుపుగోలు పద్దులో వెయ్యండి. డబ్బు కోసం వెళ్లాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: స్టూడెంట్ గవర్నమెంట్ (విద్యార్థులంతా ఎన్నుకునే మండలి) కేటాయింపు, డీన్ ఆఫీసు, గివింగ్ డే అనే విరాళాల రోజు. చాలా సంఘాలు ఈ మూడింటినీ వదిలేసి టేబుల్ దగ్గర నిలబడతాయి, ఎందుకంటే అమ్మడానికి సిగ్గుండదు, అడగడానికి ఉంటుంది. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఈ పనికోసమే పుట్టినట్టుంటుంది.

ముందుగా డబ్బు ఏ ఖాతాలో పడాలో తేల్చుకోండి. మీకు సంబంధించినవి మూడు రకాలు. మొదటిది సంఘం సొంత ఖాతా. టీషర్టుల సొమ్ము, టికెట్ల సొమ్ము అందులో పడతాయి. స్టూడెంట్ యాక్టివిటీస్ ఆఫీసు దగ్గర నమోదైన ప్రతి సంఘానికీ ఒకటి ఉంటుంది, లేదంటే ఎలా తెరవాలో వాళ్లే చెప్తారు. రెండోది యూనివర్సిటీకి వచ్చే విరాళాలు చూసే సంస్థ, అంటే యూనివర్సిటీ ఫౌండేషన్‌లో మీ ఆనర్స్ కాలేజీ పేరున ఉండే విరాళాల ఖాతా. పన్ను మినహాయింపు కావాలనుకునే దాతల డబ్బు ఇందులోకే రావాలి. మీ సంఘం తనంతట తాను 501(సి)(3) సంస్థ (దాతలకు పన్ను మినహాయింపు వచ్చే, లాభాపేక్ష లేని సంస్థ) కాదు కాబట్టి, సంఘం ఖాతాకు నేరుగా ఇచ్చిన చెక్కుకు మినహాయింపు ఉండదు. ఈ ఖాతా మీద సంతకం డీన్‌ది, మీది కాదు. మూడోది స్టూడెంట్ గవర్నమెంట్ కేటాయించే డబ్బు. అది నగదుగా చేతికి రాదు, వాళ్లే బిల్లులు కడతారు.

ఈ మూడూ కలిపేస్తేనే అసలు గొడవలు మొదలవుతాయి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, కోశాధికారి సొంత వెన్మో (ఫోన్లో డబ్బు పంపే యాప్) ఖాతాకు అందరూ డబ్బు పంపడం. మే నెలలో ఆ అబ్బాయి గ్రాడ్యుయేటై వెళ్లిపోతాడు, లెక్క అతని ఫోన్లోనే ఉండిపోతుంది. అతను ఎంత నిజాయితీపరుడైనా చూపించడానికి కాగితం ఉండదు. అలాంటిదే అయిన జెల్ యాప్‌తో ఇంకో చిక్కు, పొరపాటున పంపింది మళ్లీ వెనక్కి రాదు.

ఇక ఎంత కావాలో. పోయినేడు ఎంత లోటు వచ్చిందన్నది పక్కన పెట్టి, మనిషికి ఎంత అని కింది నుంచి కట్టుకురండి. మీ సైజు కాలేజీకి ఒక నమూనా: ఆగస్టులో స్వాగతం విందు 150 మందికి ఆరేసి డాలర్లు, 900. వారానికో టీ గంట, 24 వారాలు, వారానికి 35 చొప్పున 840. పరీక్షల వారంలో అర్ధరాత్రి టిఫిను రెండు సెమిస్టర్లకూ, 180 మందికి నాలుగేసి డాలర్లు, 1,440. థీసిస్ రాసేవాళ్లలో ఎనిమిది మందికి 200 చొప్పున సాయం, 1,600. వసంతంలో డిన్నర్ 120 మందికి 28 చొప్పున 3,360, టికెట్టు 15 పెడితే 1,800 తిరిగి వస్తుంది, సంఘం భరించేది 1,560. మొత్తం 6,340. పదోవంతు అదనంగా కలిపి 7,000 అనుకోండి. ఈ కాగితం చేతిలో ఉంటే డీన్ దగ్గరికి వెళ్లినా, పూర్వ విద్యార్థిని అడిగినా "దేనికి" అన్న ప్రశ్నకు తడబడరు.

ఆ ఏడువేలలో పెద్ద భాగం స్టూడెంట్ గవర్నమెంట్ నుంచి రావాలి. ప్రతి విద్యార్థీ కట్టే ఫీజులోంచే ఆ నిధి వస్తుంది, మీ 300 మందీ అందులో భాగస్వాములే. చాలా యూనివర్సిటీల్లో వచ్చే ఏడాది కేటాయింపులకు దరఖాస్తు గడువు ఈ ఏడాది వసంతంలోనే ముగుస్తుంది. కొత్త కార్యవర్గం ఏప్రిల్లో ఎన్నికై సెప్టెంబరులో తీరిగ్గా అడిగేసరికి పళ్లెం ఖాళీ. అప్పుడైనా ఒక్కో కార్యక్రమానికి విడిగా ఇచ్చే నిధి ఉందా అని అడగండి, తరచూ ఉంటుంది. దరఖాస్తు రాసేటప్పుడు రెండు సంగతులు. ఫీజు డబ్బుతో నడిచే కార్యక్రమం సాధారణంగా విద్యార్థులందరికీ తెరిచి ఉండాలి, కాబట్టి "ఆనర్స్ వాళ్లకు మాత్రమే" అని రాస్తే అక్కడే కొట్టేస్తారు. థీసిస్ ప్రదర్శన, బయటి వక్త ఉపన్యాసం లాంటివి ఈ పద్దులో పెట్టి, డిన్నర్‌ను వేరే పద్దులో పెట్టండి. ఇక బహుమతులు, విరాళాలు, మద్యం, ఎవరికైనా నగదు, వీటికి ఈ డబ్బు మామూలుగా రాదు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల ఆర్థిక సంవత్సరం ఆగస్టు 31తో ముగుస్తుంది. మిగిలింది ఆ తర్వాత వెనక్కి పోతుంది. పైగా కొనుగోళ్లకు ఆఖరి తేదీ దానికి చాలా వారాల ముందే పెడతారు.

తర్వాత డీన్ ఆఫీసు. చాలా ఆనర్స్ కాలేజీలు సెమిస్టరుకింత అని ప్రత్యేక ఫీజు తీసుకుంటాయి. అందులో విద్యార్థి కార్యక్రమాలకు ఎంత పోతోందని మర్యాదగా అడిగే హక్కు మీకుంది. ఇక్కడ పిల్లలకు, తల్లిదండ్రులకు ఇద్దరికీ ఉండే ఒక భ్రమ గురించి చెప్పాలి. కాలేజీకి ఎవరో దాత పేరుంటే కోట్లు మూలుగుతున్నాయనుకుంటారు. పెన్ స్టేట్‌లో ష్రేయర్ ఆనర్స్ కాలేజీ 1997లో ష్రేయర్ దంపతులిచ్చిన 3 కోట్ల డాలర్లతో మొదలైంది. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ ఆనర్స్ కాలేజీకి మెకాలే పేరు 2006లో అంతే మొత్తం విరాళంతో వచ్చింది. అరిజోనా స్టేట్‌లో బారెట్ కాలేజీకి 2000లో కోటి డాలర్లతో. ఇవన్నీ నిజమే. కానీ ఎండోమెంట్‌లో, అంటే శాశ్వత నిధిలో, అసలు మొత్తాన్ని ముట్టుకోరు. ఏటా సుమారు 4 శాతం మాత్రం ఖర్చుకు తీస్తారు. అదీ దాత రాసిన ఒప్పందంలో ఏ పనికని ఉంటే ఆ పనికే. స్కాలర్‌షిప్పుకని రాసిన డబ్బుతో డీన్ మీకు పిజ్జా కొనలేరు, కొంటే ఆయన ఉద్యోగానికే చేటు.

ఇదే లెక్క మీకూ వర్తిస్తుంది. "మా బ్యాచ్ పేరున ఎండోమెంట్ పెడదాం" అని ఏటా ఎవరో ఒకరు ఉత్సాహపడతారు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో దానికి కనీసం 25,000 డాలర్లయినా ఉండాలి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. అంత పోగేసినా 4 శాతం చొప్పున ఏటికి చేతికొచ్చేది వెయ్యి. అది చేరేలోగా అందరూ గ్రాడ్యుయేట్ అయిపోతారు. విద్యార్థి సంఘానికి కావలసింది ఏడాదికేడాది వచ్చి ఖర్చయ్యే నిధి. ఫౌండేషన్‌లో "డీన్ విచక్షణ నిధి" లాంటి పేరుతో ఒకటి ఉంటుంది. దాని కింద విద్యార్థి కార్యక్రమాలకని ఉపఖాతా తెరవమని అడగండి. ఈ ఒక్క పనికి నెల రోజులు పట్టొచ్చు, అందుకే ఇది ముందు మొదలుపెట్టాలి. ఫౌండేషన్ ప్రతి విరాళంలోంచి కొద్ది శాతం రుసుము మినహాయిస్తుందేమో కూడా అప్పుడే కనుక్కోండి.

గివింగ్ డే దగ్గర మాత్రం కాస్త నిదానంగా ఆగుదాం. ఏడాదికోసారి యూనివర్సిటీ మొత్తం 24 గంటల పాటు విరాళాలు పోగేసే రోజు ఇది. ఎక్కువచోట్ల వసంతంలో ఉంటుంది. థాంక్స్‌గివింగ్ తర్వాతి మంగళవారం వచ్చే గివింగ్ ట్యూస్‌డే వేరు. అది 2012లో మొదలై ఇప్పుడు ప్రపంచమంతా చేస్తోంది. మీరు దాని జోలికి పోకండి. ఆ రోజు ప్రతి సంస్థా అడుగుతుంది, మీ పిల్లలేమో సెలవుల నుంచి వచ్చి పరీక్షల భయంలో ఉంటారు.

గివింగ్ డేకి కనీసం మూడు నెలల ముందు డెవలప్‌మెంట్ ఆఫీసులో (యూనివర్సిటీకి విరాళాలు సేకరించే విభాగం) ఆనర్స్ కాలేజీ చూసే వ్యక్తిని కలవండి. ఆయన్ను అడగాల్సినవి: మా ఉపఖాతాకు ఆ రోజు విడిగా పేజీ ఇస్తారా? లింకు ఎప్పుడొస్తుంది? కనీస విరాళం ఎంత? ఎవరైనా పాత దాత చేత సవాలు విరాళం పెట్టించగలరా? సవాలు విరాళమంటే, వందమంది దాతలు పూర్తయితే ఆయన ఒక పెద్ద మొత్తం కలుపుతారు. దీనివల్ల ఐదు డాలర్లిచ్చే విద్యార్థి కూడా ఒక అంకె అవుతాడు. మొత్తం కంటే మనుషుల సంఖ్య మీద పెట్టిన సవాలే మీకు మేలు, ఎందుకంటే మీ దగ్గర ఉన్నది మనుషులే.

పద్ధతి తెలియని సంఘాలు ఇక్కడే కాలు జారతాయి. ఉత్సాహం కొద్దీ ఊళ్లోని పెద్ద కంపెనీకో, బాగా సంపాదించిన పూర్వ విద్యార్థికో నేరుగా ఉత్తరం రాసేస్తారు. అదే మనిషితో డెవలప్‌మెంట్ ఆఫీసు రెండేళ్లుగా పెద్ద విరాళం గురించి మాట్లాడుతూ ఉంటుంది. ఆయన 500 డాలర్లు మీకిచ్చి "నేనిచ్చేశానుగా" అంటే, ఆఫీసుకు మీ మీద కోపం ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి బయటివాళ్ల జాబితా ముందు వాళ్లకు చూపించి, ఎవర్ని అడగొచ్చో రాతపూర్వకంగా తెచ్చుకోండి. మరోటి, పూర్వ విద్యార్థుల, తల్లిదండ్రుల ఈమెయిళ్ల జాబితా మీ చేతికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీరు రాసిన ఉత్తరాన్ని వాళ్లే పంపుతారు. మీకు స్వయంగా తెలిసినవాళ్లకు మీరు రాసుకోవచ్చు.

ఎవర్ని అడగాలి? గ్రాడ్యుయేట్ అవుతున్నవాళ్లు, గత ఐదేళ్లలో బయటికెళ్లినవాళ్లు, అధ్యాపకులు, తల్లిదండ్రులు. ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ వాళ్ల ప్లాన్ టూ ఆనర్స్ కోర్సు 1935 నుంచి ఉంది, వాళ్ల పూర్వ విద్యార్థుల్లో మనవలెత్తినవాళ్లూ ఉంటారు. మీ కాలేజీ వయసు పదిహేనేళ్లే అయితే అందరూ ఇంకా అప్పులు తీర్చుకుంటున్నవాళ్లే, 25 డాలర్ల కంటే ఎక్కువ ఆశించకండి. ఆఖరి ఏడాది వాళ్లను బ్యాచ్ సంవత్సరం అంకెతో అడగడం ఇక్కడ వాడుక: 2026 బ్యాచ్ అయితే 20.26 డాలర్లు. ముప్ఫై మంది ఇస్తే 607.80. పూర్వ విద్యార్థులు 25 మంది 25 చొప్పున 625. పదిమంది తల్లిదండ్రులు 50 చొప్పున 500. ఎనిమిది మంది అధ్యాపకులు 30 చొప్పున 240. కంపెనీల జత విరాళం (ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ కలిపేది) ఒక 250. అంతా కలిపి 2,220 దాటింది. సమోసాలతో ఇంత రావాలంటే పద్నాలుగు టేబుళ్లు వెయ్యాలి.

సంఖ్యల వెనక శ్రమ వేరే ఉంది. గుంపుగా పంపిన ఈమెయిల్‌కు దాదాపు ఎవరూ ఇవ్వరు. పేరు పెట్టి, ఒకరు ఒకరికి రాసిన మెసేజ్‌కు ఐదారుగురిలో ఒకరు ఇస్తారని అనుకుని ప్రణాళిక వేసుకోండి. అంటే 25 మంది పూర్వ విద్యార్థులు కావాలంటే 150 మందిని అడగాలి. పదిహేను మంది వాలంటీర్లు తలా పదిమందిని పంచుకుంటే అయిపోతుంది. ఆ మెసేజ్ నాలుగు వాక్యాలకు మించొద్దు: నేను ఫలానా, మీతో ఫలానా పరిచయం; ఈ డబ్బు థీసిస్ రాసే ఎనిమిది మందికి, పరీక్షల వారం టిఫినుకు; 25 డాలర్లు ఇవ్వగలరా; లింకు ఇదిగో. మొత్తం చెప్పకుండా "తోచినంత" అన్నారా, చదివినవాడు తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతాడు. ముందు రోజు ఒకసారి, ఆ రోజు పొద్దున ఒకసారి, ఇవ్వనివాళ్లకు సాయంత్రం ఒకసారి. నాలుగోసారి వద్దు.

ఇచ్చినవాళ్లకు 48 గంటల్లో కృతజ్ఞత వెళ్లాలి. రసీదు ఫౌండేషన్ పంపుతుంది, 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన దాతకు మినహాయింపు కావాలంటే ఆ రాతపూర్వక రసీదు ఉండి తీరాలి. మీరు పంపాల్సింది చేతిరాత కార్డు. అందులో పన్ను ఊసు ఎత్తొద్దు, అది మీ పని కాదు. వాళ్లకు అసలు గుర్తుండేది మే నెలలో వెళ్లే రెండో కార్డు: మీ డబ్బుతో ఈ థీసిస్ పూర్తయింది, ఇదీ శీర్షిక. అది అందినవాళ్లే మరుసటేడు మళ్లీ ఇస్తారు.

డిన్నర్ టికెట్ల విషయంలో పన్ను సంగతి ఒకటి తెలిసి ఉండాలి. దాతలకని 100 డాలర్ల టికెట్టు పెట్టి ఫౌండేషన్ ద్వారా అమ్మారనుకోండి. భోజనం విలువ 28 అయితే మినహాయింపు 72కే. చెల్లింపు 75 డాలర్లు దాటితే ఆ సంగతి దాతకు రాతపూర్వకంగా తెలియజెయ్యడం సంస్థ బాధ్యత. ముందే ఫౌండేషన్‌కు భోజనం ఖరీదు ఇవ్వండి, తర్వాత ఇస్తే రసీదులన్నీ మళ్లీ రాయాలి.

థీసిస్ సాయం గురించి కూడా. ఎవరికివ్వాలో విద్యార్థులే నిర్ణయించడం మంచిది కాదు, తోటివాళ్ల కష్టసుఖాలు మీ బల్ల మీదికి రాకూడదు. నగదు ఇస్తే వాళ్ల ఫైనాన్షియల్ ఎయిడ్ లెక్కలో కలిసి, అటు నుంచి కోత పడే ప్రమాదం ఉంది. సర్వేకి, ప్రయోగ సామగ్రికి, ప్రయాణానికి అయిన బిల్లు కాలేజీయే కట్టేలా డీన్ ఆఫీసు చేత చేయించండి.

చిన్న ఆదాయాల్లో టీషర్టులు ఫరవాలేదు, ముందే డబ్బు తీసుకుని ఆర్డరిస్తే. చేతిలో పెట్టుకుని అమ్మే పద్ధతిలో లాభమంతా అటక మీది డబ్బాలో ఎక్స్‌ఎల్ సైజుల రూపంలో ఉండిపోతుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్, ఒక్కోదానికి విడిగా ఖర్చు. అందుకని ఒకే రంగు, ముందువైపు మాత్రమే. సంఖ్య పెరిగేకొద్దీ ధర మెట్లు మెట్లుగా తగ్గుతుంది, 70 దగ్గర ఆగితే ఇంకో మెట్టుకు ఎన్ని కావాలో ప్రింటర్‌ను అడగండి, ఒక్కోసారి 72 చొక్కాలు 70 కంటే చవగ్గా వస్తాయి. డబుల్ ఎక్స్‌ఎల్‌కు అదనం పడుతుంది, దాన్ని పెద్ద సైజువాళ్ల మీద వెయ్యకుండా అందరి ధరలో కలిపెయ్యండి. యూనివర్సిటీ పేరు, గుర్తు వాడాలంటే అనుమతి పొందిన ప్రింటర్ దగ్గరే వేయించాలి, డిజైన్ ఆమోదానికి రెండు వారాలు పెట్టుకోండి. యూనివర్సిటీ అధికార ముద్ర మాత్రం అసలు వాడనివ్వరు. టెక్సస్‌లో విద్యార్థి సంఘాలకు నెలకు ఒక రోజు సేల్స్ టాక్స్ లేకుండా అమ్ముకునే వీలుంది. చొక్కాల పంపకం ఆ ఒక్క రోజునే పెట్టుకునే ముందు యాక్టివిటీస్ ఆఫీసుకు చెప్పండి. లేకపోతే ఊరిని బట్టి 8.25 శాతం దాకా కట్టాలి.

రెస్టారెంట్ నైట్‌లు సులువు, ఆదాయం స్వల్పం. నలభై మంది 13 డాలర్ల చొప్పున తింటే 520, హోటల్ పాతిక శాతం ఇస్తే 130. మీ సంఘం కోడ్ చెప్పకుండా ఆర్డరిచ్చినవాళ్లది లెక్కలోకి రాదు. కనీస అమ్మకం చేరకపోతే అసలేమీ రాదు. ఆ హోటల్ గుమ్మం ముందే కరపత్రాలు పంచితే చాలా గొలుసు హోటళ్లు మొత్తం రద్దు చేస్తాయి. చెక్కు వారాల తర్వాత వస్తుంది, సంఘం పేరునే రావాలని ఫారంలో సరిచూడండి. ఇక రాఫెల్ (టికెట్లు అమ్మి, చీటీ తీసి బహుమతి ఇవ్వడం) జోలికి పోకండి. టెక్సస్‌లో దానికి విడిగా చట్టం ఉంది, అర్హత ఉన్న సంస్థలే నడపాలి, నగదు బహుమతి కుదరదు. పోగైన డబ్బులో సగం గెలిచినవాడికిచ్చే ఆట సరదాగా కనిపిస్తుంది గానీ చట్టం కళ్లకు జూదమే.

సమోసాల టేబుల్ మిగిలింది. కుకీలకు వర్తించే వెసులుబాటు సమోసాలకు సాధారణంగా వర్తించదు. ఉడికించిన బంగాళాదుంప ఉష్ణోగ్రత కాపాడాల్సిన పదార్థాల్లో ఉంది. వేడిగా ఉంచితే 57 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి. లేదంటే వేడి తీసిన సమయం రాసిపెట్టి నాలుగు గంటల్లో అమ్మినా పారేసినా తేల్చెయ్యాలి. ఇంట్లో వండింది క్యాంపస్‌లో సాధారణంగా అమ్మనివ్వరు, లైసెన్సున్న హోటల్ నుంచి కొని బిల్లు దగ్గర పెట్టుకోండి. క్యాంపస్ ఆరోగ్య, భద్రతా విభాగం నుంచి అనుమతికి రెండు వారాల ముందే దరఖాస్తు చెయ్యండి. కార్డు రీడర్ రుసుము రెండున్నర శాతం పైచిలుకు, దాని మీద లావాదేవీకి 10–15 సెంట్లు. రెండు డాలర్ల సమోసా మీద అది దాదాపు పదోవంతు తినేస్తుంది. మూడు కలిపి ఐదు డాలర్లంటే ఆ వాటా సగానికి పడుతుంది, మిగిలిపోవడమూ తగ్గుతుంది. నగదు పెట్టెలో చిల్లరకు ఒకట్లు, ఐదులు కలిపి ఒక 60 ఉంచి, ముగిశాక ఇద్దరు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేసి, మర్నాడే జమ చెయ్యాలి.

ఇప్పుడు జనం పలచబడటం గురించి. ఇది డబ్బుకు సంబంధం లేని విషయం అనుకోవద్దు. నాలుగేళ్లలో ఒక్కసారీ టీ తాగడానికి రానివాడు ఆఖరి ఏడాది 20.26 ఎందుకిస్తాడు? ఆనర్స్ కాలేజీల్లో మనుషులు తప్పిపోయే చోట్లు తెలిసినవే. మొదటి ఏడాది అందరూ ఒకే హాస్టల్ అంతస్తులో ఉంటారు కాబట్టి సంఘం దానంతటదే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. రెండో ఏడాది అపార్ట్‌మెంట్లకు చెదిరిపోతారు. నాలుగో ఏడాది థీసిస్‌తో గదికి తలుపేసుకుంటారు. మధ్యలో వేరే కాలేజీ నుంచి చేరినవాళ్లు ఎవరికీ తెలియరు. ఇంటి నుంచి కారులో వచ్చిపోయేవాళ్లు, డాలస్, హ్యూస్టన్ వైపు మన పిల్లల్లో చాలామంది ఈ కోవే, రాత్రి 8 గంటలకు పెట్టిన ఏ కార్యక్రమానికీ రారు, వాళ్లను తప్పుపట్టలేం.

అందుకని పెద్ద కార్యక్రమాలు తగ్గించి, వారానికో టీ గంటను కదలనివ్వకండి. వారంలో ఒకే రోజు, ఒకే గది, మధ్యాహ్నం పదకొండున్నర నుంచి ఒంటిగంట. ఐదుగురే వచ్చినా రద్దు చెయ్యకండి. ఒక్కసారి రద్దయితే ఉందో లేదో అన్న అనుమానం మొదలవుతుంది, ఆ అనుమానమే హాజరును చంపేస్తుంది. నెలకోసారి ఒక అధ్యాపకుడిని పిలిచి పన్నెండు కుర్చీలే వెయ్యండి. ఉపన్యాసం వద్దు, ఆయన తన మొదటి పరిశోధన ఎలా బెడిసిందో చెప్తే చాలు. థీసిస్ వాళ్లకు వారానికి రెండు గంటలు మాట్లాడకుండా పక్కపక్కన కూర్చుని రాసుకునే గది ఇస్తే, విందులకు రానివాళ్లు దానికొస్తారు.

తిండి లెక్కలు కూడా చెప్తాను, ఇక్కడే డబ్బు కారిపోతుంది. అమెరికాలో "వంద కప్పుల" టీ పాత్ర అంటే 5 ఔన్సుల కప్పులు. మనం పోసే 8 ఔన్సుల కాగితం గ్లాసులకు అది అరవై రెండే అవుతుంది. పెద్ద పిజ్జాలో ఎనిమిది ముక్కలు, మనిషికి మూడు చొప్పున 60 మందికి 23 పిజ్జాలు. వాటిలో సగానికి సగం శాకాహారం పెట్టండి. మాంసం తినేవాళ్లు కూడా చీజ్ పిజ్జా తీసుకుంటారు, శాకాహారులకు వేరే దారి లేదు, ముందు అయిపోయేది అదే. ఉచిత కార్యక్రమానికి వస్తామన్నవాళ్లలో మూడోవంతు రారనుకుని తెప్పించండి. పదార్థం పక్కన గుడ్డు, పాలు, గింజలు, మాంసం ఉన్నాయో లేవో చీటీ పెట్టండి.

ఎఫ్-1 వీసా పిల్లలు ఈ పనుల్లో జీతం లేకుండా పాల్గొంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. సంఘం పదవికి ఏదైనా పారితోషికం ఇచ్చే పద్ధతి ఉంటే మాత్రం తీసుకునే ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగాలి.

కార్యవర్గం మారేది ఏప్రిల్లో కాబట్టి మార్చిలోనే మీ తర్వాతి వ్యక్తిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఖాతా మీద సంతకాల మార్పు, సంఘం పేరున ఉండే ఈమెయిల్ పాస్‌వర్డు, దాతల్లో ఎవరికి ఎవరు కార్డు రాశారన్న పట్టిక, ప్రింటర్ దగ్గరి డిజైన్ ఫైలు, ఇవన్నీ అప్పజెప్పండి. వచ్చే ఏడాది కేటాయింపు దరఖాస్తు మాత్రం మీరే పెట్టి వెళ్లాలి.

చివరగా అమ్మానాన్నల స్నేహితుల సంగతి. అడగొచ్చు, అయితే మీ కాలేజీలో పిల్లలున్న ఇళ్లతో మొదలుపెట్టండి. "ఫీజు కట్టాం కదా, మళ్లీ చందా ఏంటి" అనే మాట తప్పకుండా వస్తుంది. దానికి వాదన వద్దు, ఆ ఏడువేల బడ్జెట్ కాగితం చూపించండి. వినాయక చవితి చందా పుస్తకం పట్టుకొచ్చినప్పుడు ఎంతిచ్చారు, మండపానికి ఎంతయిందని అడిగే మనవాళ్లకు లెక్క చూపిస్తే చాలు. ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లయితే జత విరాళం అడగండి. మైక్రోసాఫ్ట్ లాంటివి ఉద్యోగి ఇచ్చినదానికి సమానంగా కలుపుతాయి, దాని పరిమితి ఏడాదికి ఉద్యోగికి 15,000 డాలర్లు. కానీ విరాళం ఫౌండేషన్ ఖాతాకు వెళ్తేనే జత పడుతుంది, సంఘం ఖాతాకు వెళ్తే పడదు. డిన్నర్ టికెట్టుకీ పడదు. దాత ఇచ్చి ఊరుకుంటే కంపెనీ తనంతట తాను కలపదు. ఆయన ఉద్యోగుల పోర్టల్‌లోకి వెళ్లి యూనివర్సిటీ ఫౌండేషన్ పేరు వెతికి, రసీదు తేదీ వేసి, అడగాలి. గివింగ్ డే మర్నాడు వాళ్లకు ఫోన్ చేసి, పక్కనే కూర్చుని ఆ ఐదు నిమిషాల పని చేయించండి. అలా చేయించకపోతే సగం మంది మర్చిపోతారు.